అత్తగారి కాలివేలు, అటక మీది ఎలుకలు

ప్రశ్న: అయ్యా, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఊరి చివర ఇల్లు, వెనకంతా పొలాలే. ముందు రెండు గదులు డాబా, వెనక వంటిల్లు సిమెంటు రేకులది. వరికోతలు అయిన దగ్గర్నుంచి ఎలుకలు మమ్మల్ని నిలవనివ్వడం లేదు. రాత్రయితే అటక మీద దడదడ పరుగులు. బియ్యం బస్తాకి రెండుసార్లు కన్నం పెట్టాయి. పప్పు డబ్బాల వెనక నల్ల జీలకర్ర చల్లినట్టు పెంటికలు. పెరట్లో తూము పక్కన రోజూ మట్టిగుట్ట లేస్తోంది. ఇంకొకటి కిచకిచమంటూ గోడవారగా పోతుంది, అది పోయినచోట ఒకటే కంపు. పోయిన వారం పొద్దున్నే మా అత్తగారి దుప్పటి మీద రక్తం కనబడింది. చూస్తే కాలి బొటనవేలు కొరికి ఉంది. ఆవిడకి పద్నాలుగేళ్లుగా షుగరు. నొప్పే తెలియలేదంటారు. పసుపు పెట్టి కట్టాం. మావారు ఎలుకల పేస్టు తెచ్చారు, టమాటా ముక్కలకు పూసి పెడదామంటారు. రైసు మిల్లులో పనిచేసే మా మరిది ధాన్యానికి వాడే గ్యాసు బిళ్లలు తెచ్చి కన్నాల్లో వేస్తానంటాడు, ఒక్క రాత్రిలో తేలిపోతుందట. అత్తగారేమో వినాయకుడి వాహనం, చంపితే పాపం అంటారు. ఇంట్లో మూడేళ్ల బాబు ఉన్నాడు. పదిహేను వందలు పెట్టి ప్లగ్గులో పెట్టే శబ్దం మిషను కొన్నాం. నాలుగు రోజులు బాగానే ఉంది, మళ్లీ మామూలే. ఏం చేయమంటారు? (ఒక సోదరి, గుంటూరు జిల్లా)

జవాబు: అమ్మా, ఎలుకల సంగతి తర్వాత. ముందు మీ అత్తగారి కాలు. ఈ జవాబు చదివే సమయానికి ఆవిడని ఇంకా డాక్టరుకి చూపించకపోతే ఈ రోజే తీసుకెళ్లండి.

నొప్పి తెలియలేదన్న మాట మీరు మామూలుగా రాశారు, నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో భయపెట్టిన మాట అదే. షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లలో పాదాల నరాలు మొద్దుబారిపోతాయి. చెప్పు జారిపోయినా తెలియదు, మేకు గుచ్చుకున్నా తెలియదు, నిద్రలో ఎలుక కొరికినా తెలియదు. మనకైతే పన్ను తగలగానే కాలు విదిలిస్తాం, అది పారిపోతుంది. ఆవిడ కాలు కదలదు కాబట్టి ఎలుక తీరిగ్గా కొరుకుతుంది. మళ్లీ వస్తుంది కూడా. చిన్న గాయమే అనుకుంటాం గాని, షుగరు ఉన్న పాదంలో చిన్న గాయం లోపల్లోపలే చీము పట్టి వేలు తీసేసేదాకా వెళ్లడం మీ ఊళ్లోనూ ఎవరో ఒకరికి జరిగే ఉంటుంది.

కట్టు విప్పి, పసుపంతా పోయేలా పారే నీళ్లలో సబ్బుతో పావుగంట కడగండి. మళ్లీ పసుపు, సున్నం, కాఫీ పొడి ఏమీ పెట్టవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆస్పత్రికి వెళ్లండి. ధనుర్వాతం ఇంజెక్షను ఇస్తారు, యాంటీబయాటిక్ కావాలో వద్దో చూస్తారు, రక్తంలో షుగరు ఎంతుందో పరీక్షిస్తారు. ఎలుక కాటుతో రేబిస్ రావడం చాలా అరుదు. ఆ టీకా అవసరమా కాదా అన్నది డాక్టరు చెబుతారు, మీరు అడగడం మాత్రం మర్చిపోవద్దు. కరిచిన మూడు నుంచి పది రోజుల్లో చలిజ్వరం, కీళ్లనొప్పులు, చేతులకీ కాళ్లకీ దద్దుర్లు వస్తే అది ఎలుక కాటు వల్ల వచ్చే జ్వరం కావచ్చు. పుండు మానిపోయినట్టు కనిపించినా అది రావచ్చు. అప్పుడు ఎలుక కొరికిందన్న మాట డాక్టరుకి ముందే చెప్పాలి. చెప్పకపోతే వాళ్లకు ఆ ఆలోచన తట్టదు.

ఈ రాత్రి నుంచి ఆవిడ కింద చాప మీద పడుకోకూడదు. మంచం గోడకు జానెడు దూరం జరిపి, దోమతెర కట్టి, దాని అంచులు పరుపు కిందికి దోపండి. పడుకునే ముందు కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కోవాలి. పగుళ్లకు రాసుకునే కొబ్బరినూనె, చేతికి అంటిన నెయ్యి వాసన ఎలుకని పిలుస్తాయి. వదులుగా ఉండే నూలు మేజోళ్లు తొడిగితే ఇంకా మంచిది. రోజూ పొద్దున్నే పాదాలు, వేళ్ల సందులు మీరే చూడండి. ఆవిడ కళ్లకు కనబడకపోవచ్చు. బాబుకీ ఇదే పద్ధతి, తెరలోనే పడుకోబెట్టండి. పాలమూతితో నిద్రపోనివ్వవద్దు.

ఇక మీవారు తెచ్చిన పేస్టు, మీ మరిది తెస్తానన్న బిళ్లలు. ఈ రెండింటి గురించి నాకు కాస్త ఎక్కువ చెప్పాలనుంది. ధాన్యం గిడ్డంగుల్లో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి. గ్యాసు బిళ్లలతో నాకు బాగా పరిచయం ఉంది, అందుకే అవంటే నాకు భయం.

ఆ బిళ్లల్లో ఉండేది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే గ్యాసు వదులుతుంది. మూడు గ్రాముల బిళ్ల ఒకటి గ్రాము గ్యాసు వదులుతుంది. గిడ్డంగిలో బస్తాల మీద మందపాటి పట్టా కప్పి, అంచుల చుట్టూ ఇసుక నింపిన గొట్టాల్లాంటి సంచులు పరిచి, తలుపుకి ప్రమాదం బోర్డు తగిలించి, తాళం వేసి వారం రోజుల పాటు ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాళ్లం కాదు. పట్టా తీసేటప్పుడు ముఖానికి మాస్కు ఉండాల్సిందే. అంత జాగ్రత్తగా వాడే మందుని మనుషులు పడుకునే ఇంట్లో ఎలుక కన్నంలో వేస్తే ఆ గ్యాసు కన్నంలోనే ఉంటుందా? గోడ పగుళ్లలోంచి, తలుపు కింది నుంచి పక్క గదిలోకి వస్తుంది. ఇది గాలికంటే బరువు, నేల దగ్గరే పేరుకుంటుంది. మూడేళ్ల పిల్లవాడు పడుకునేది, ఆడుకునేది నేల మీదే. దీనికి విరుగుడు మందు లేదు. ఇళ్లలో ఎలుకలకనో నల్లులకనో ఈ బిళ్లలు పెట్టుకుని నిద్రలోనే పిల్లలు పోయిన ఘటనలు మన దేశంలో ఏటా పేపర్లో వస్తూనే ఉన్నాయి. చట్టప్రకారం కూడా ఇవి ప్రభుత్వ సంస్థలూ, శిక్షణ తీసుకుని అనుమతి పొందిన పెస్ట్ కంట్రోల్ వాళ్లూ తప్ప ఇంకెవరూ వాడకూడదు. మీ మరిదిగారి మీద కోపం వద్దు, ఇంటి మీద ప్రేమతోనే అన్నాడు. ఈ పేరా చదివి వినిపించండి. ఒకవేళ ఇప్పటికే తెచ్చి ఉంటే డబ్బా మూత తీయవద్దు, నీళ్లలో గాని తూములో గాని పడేయవద్దు. తడి తగలకుండా మనుషులు ఉండని చోట, ఇంటి బయట ఉంచి, తెచ్చినచోటికే తిరిగి పంపించేయండి.

పేస్టు సంగతి ఇంకో రకం. మన కిరాణా కొట్లలో ట్యూబులో దొరికే ఎలుకల పేస్టులో చాలావాటిలో ఉండేది పసుపురంగు భాస్వరం (యెల్లో ఫాస్ఫరస్). చూడటానికి పళ్లపేస్టులాగే ఉంటుంది. పిల్లలు అలా అనుకునే నోట్లో పెట్టుకుంటారు. టమాటా ముక్కకు పూసి గట్టు మీద పెడితే పొద్దున్నే మసకచీకట్లో ఎవరి చేతికి ఏది దొరుకుతుందో చెప్పలేం. ఈ విషం స్వభావం ఎలాంటిదంటే, మింగిన రోజు వాంతులో కడుపునొప్పో వచ్చి తగ్గిపోతుంది. తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి బాగానే కనిపిస్తాడు. అమ్మయ్య గండం గడిచింది అనుకుని ఇంటికి తెచ్చేసుకుంటారు. మూడో రోజుకి కళ్లు పచ్చబడతాయి, అప్పటికి కాలేయం పాడైపోయి ఉంటుంది. దీనికీ విరుగుడు లేదు.

ఖర్మకాలి ఎవరైనా ఎలుకల మందు మింగితే, ఏ రకమైనా సరే, ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. పాలు, గుడ్డు, నూనె, నెయ్యి పట్టవద్దు. భాస్వరం కొవ్వులో కరిగి ఒంటికి ఇంకా త్వరగా పడుతుంది. 108కి ఫోన్ చేయండి, మందు డబ్బా వెంట తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన వైద్యం మొదలుపెట్టగలరు. మనిషి మామూలుగా కనిపిస్తున్నా, వాళ్లు చెప్పేదాకా ఇంటికి తీసుకురావద్దు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టని మనవాళ్లు ఊరికే అనలేదు.

అయితే మీ ఇంట్లో ఉన్నది ఒక ఎలుక కాదు, కనీసం మూడు రకాలు. అసలు ఎలుకే కాని నాలుగోది కూడా ఉంది. ముందు దాన్ని పక్కన పెడదాం. కిచకిచమంటూ గోడవారగా పోయే కంపుది చుంచు. ముక్కు పొడుగ్గా, మొనదేలి ఉంటుంది, చూపు మందం. అది బియ్యం బస్తా కొరకదు. బొద్దింకలు, పురుగులు తిని బతుకుతుంది. దాన్ని చీపురుతో బయటికి తోలేయండి చాలు.

పప్పు డబ్బాల వెనక నల్ల జీలకర్రలాంటి పెంటికలు చిట్టెలుకవి. రోజుకి మూడు గ్రాముల తిండి చాలు దానికి. అది తినేదాని కంటే పాడుచేసేదే ఎక్కువ. పోయినచోటల్లా ఉచ్చ బొట్లు వదులుతూ, రోజుకి యాభైకి పైగా పెంటికలు వేస్తుంది. నీళ్లు లేకుండా కూడా చాలా రోజులు నెగ్గుకొస్తుంది. అటక మీద దడదడలాడించేది ఇంటి ఎలుక, ఒంటికన్నా పొడుగు తోక ఉంటుంది. ఇది కొబ్బరిచెట్లు, తీగలు, పైపులు ఎక్కి పైనుంచి దిగుతుంది. మీ అత్తగారి వేలు కొరికింది దాదాపుగా ఇదే అయి ఉంటుంది. తూము పక్కన మట్టిగుట్ట పోసేది పందికొక్కు. ఇంగ్లీషువాళ్లు దాన్ని బాండికూట్ అంటారు. ఆ మాట మన పందికొక్కు నుంచే వెళ్లింది. బొరియ తవ్వి నేల కిందే ఉంటుంది. గోడ పునాది పక్కన తవ్వుకుంటూ పోతే గచ్చు కుంగుతుంది, అంచేత దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇన్నిటికి ఒకటే మందు ఉండదు. అన్నిటికీ ఒకటే కిటుకు మాత్రం ఉంది. మీ ఇంట్లో ఎన్ని ఎలుకలు ఉంటాయన్నది మీరు ఎన్ని చంపారన్న దాన్నిబట్టి ఉండదు. మీ ఇల్లు ఎన్నిటికి దారీ తిండీ ఇస్తోందో అన్ని ఉంటాయి. చిట్టెలుక మూడు వారాలకే ఈనుతుంది, ఈతకి ఐదారు పిల్లలు. ఆ పిల్లలు ఆరు వారాలకి ఈతకొస్తాయి. చంపడంలో మనం వాటితో పోటీపడలేం. పొలంలో కోతలైపోయి తిండి పోతే ఊరి చివర ఇళ్ల మీదికే వస్తాయి, ఏటా వస్తాయి. దారి మూస్తే రావు. గిడ్డంగిలోనూ మేం నేర్చుకున్నది అదే. మందుకి పెట్టిన ఖర్చు ఏటా పెట్టాల్సి వచ్చేది. తలుపు కింద రేకు కొట్టించిన ఖర్చు ఒక్కసారే.

కాబట్టి ఒక ఆదివారం మీరిద్దరూ కలిసి టార్చిలైటు పట్టుకుని ఇల్లంతా తిరగండి. పెన్సిలు దూరే సందు ఉంటే చిట్టెలుక దూరుతుంది. బొటనవేలు దూరే కన్నం ఉంటే ఎలుక దూరుతుంది. కొలత కోసం జేబులో ఒక పెన్సిలు పెట్టుకోండి.

మీ వంటిల్లు రేకులదన్నారు కదా, మొదట అక్కడే చూడండి. సిమెంటు రేకు గోడ మీద కూర్చున్నచోట, ఆ వంపుల కింద వరసగా సందులు ఉంటాయి. కింద నుంచి చూస్తే కనబడవు. నిచ్చెన వేసుకుని చూస్తే ఒక్కో వంపు కింద పిడికిలి పట్టేంత ఖాళీ ఉంటుంది. అటక మీది ఎలుకలకి రాజమార్గం అదే అని నా అనుమానం. గోడకు జిడ్డుగా నల్లటి చారలు కనిపిస్తే అనుమానం తీరిపోయినట్టే. ఎలుక రోజూ ఒకే దారిన, ఒళ్లు గోడకు రాసుకుంటూ పోతుంది, ఆ జిడ్డు మరకే అది. ఆ సందులు సిమెంటుతో మూయించండి. మేస్త్రీకి చెప్పి కన్నాల్లో వేసే సిమెంటులో గాజుపెంకులు దంచి కలపమనండి. మన పాతకాలం మేస్త్రీలు అలాగే చేసేవారు, ఎలుక మళ్లీ తవ్వదు. సిమెంటు వేయలేని చోట, గ్యాసు గొట్టం, సింకు పైపు, కరెంటు వైరు గోడలోంచి వచ్చేచోట గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, పైన సిమెంటు రాయండి. కాగితం, గుడ్డ, థర్మోకోలు, స్ప్రేతో నింపే నురగ పెడితే రెండు రాత్రుల్లో కొరికేస్తాయి. ఎలుక ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరకడం దానికి ఆకలంత అవసరం.

వంటింటి పెరటి తలుపు కింద సందు ఉందేమో చూడండి. తలుపు మూసి లోపల లైటు వేసి బయట నుంచి చూస్తే వెలుగు గీత కనబడుతుంది. ఆ గీత ఉన్నంత మేర కింద అల్యూమినియం పట్టీ కొట్టించండి. కిటికీలకు, వెంటిలేటర్లకు ప్లాస్టిక్ దోమల జాలీ ఉంటే అది ఎలుకలకు అడ్డం కాదు. పావు అంగుళం కన్నాలున్న ఇనుప జాలీ బిగించండి. బాత్రూములో, పెరట్లో నీళ్లు పోయే తూములకు బరువైన స్టీలు జాలీ మూత ఉండాలి. పందికొక్కు తూముల గుండానే తిరుగుతుంది.

కొబ్బరిచెట్టు సంగతి మీరు రాయలేదు. తెనాలి పక్క ఊళ్లో ఊరి చివర ఇల్లు, పెరడు అంటే చెట్టు ఉండే ఉంటుందనుకుంటున్నాను. దాని మట్టలు రేకుల మీద వాలుతుంటే కొట్టించేయండి. కొమ్మకీ కప్పుకీ మధ్య కనీసం గజం ఎడం ఉండాలి, లేకపోతే దూకేస్తాయి. పిందెలు తొడిమ దగ్గర కొరికి కింద రాలుతుంటే చెట్టు మీద ఎలుకలున్నట్టే. నేల నుంచి ఆరడుగుల పైన, మానుకి చుట్టూ అడుగున్నర వెడల్పు రేకు బిగిస్తే గోళ్లు జారి ఎక్కలేవు. పక్క చెట్ల మట్టలు తగలకుండా ఉంటేనే ఇది పనిచేస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే మీరు నన్ను తిట్టుకుంటారు. ఎలుకలు లోపల ఉండగా అన్ని కన్నాలూ ఒకేసారి మూయవద్దు. లోపల చచ్చి కంపుకొడతాయి, లేదా కొత్తచోట కొరుకుతాయి. ముందు ప్రతి కన్నంలోనూ నలిపిన పేపరు ఉండ కుక్కండి. పొద్దున్నే ఏ ఉండ బయట పడి ఉందో అది నడుస్తున్న దారి. గోడల వెంట, గట్టు కింద ముగ్గుపిండి పల్చగా చల్లితే అడుగుజాడలు పడతాయి, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయో చదువుకోవచ్చు. మందు డబ్బా కన్నా ఈ ముగ్గుపిండి మీకు ఎక్కువ పనికొస్తుంది. నడవని దారులన్నీ మూసేసి, నడుస్తున్న దారి ఒకటో రెండో వదిలి, అక్కడ బోను పెట్టండి.

బోనులో పెట్టాల్సిన ఎర మన వంటింట్లోనే ఉంది. కాల్చిన కొబ్బరి ముక్క, ఉల్లిపాయ పకోడీ, ఎండుచేప తల, వీటిలో ఏదైనా సరే. ఇంటి ఎలుక కొత్త వస్తువుని నమ్మదు. నిన్న లేని బోను ఇవాళ కనబడితే చుట్టూ తిరిగి పోతుంది. అందుకని మూడు నాలుగు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టేసి, ఎర మాత్రం పెట్టి, తిననివ్వండి. అలవాటు పడ్డాక అయిదో రాత్రి కట్టు విప్పండి. మనవాళ్లు చాలామంది ఒక్క బోను కొని, ఒక్క రాత్రి పెట్టి, పడలేదని అటకెక్కిస్తారు. ఈ పనికి ఒకటి చాలదు, మూడు నాలుగు కావాలి, గోడకు ఆనించి పెట్టాలి. నట్టింట్లో పెడితే ఎలుక అటు రాదు. చిట్టెలుక అలా కాదు, కొత్తది కనబడితే చూడకుండా ఉండలేదు, కానీ దాని తిరుగుడంతా నాలుగు గజాల మేరే. అంచేత దానికి పప్పు డబ్బాల వెనకే చిన్న స్ప్రింగు బోను పెట్టాలి, బాబు చేయి అందని చోట.

జిగురు అట్టలు మాత్రం కొనవద్దు. అతుక్కున్న ఎలుక గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి గింజుకుని చస్తుంది. కేంద్ర జంతు సంక్షేమ బోర్డు కూడా వాటిని ఆపమని రాష్ట్రాలకు చెప్పింది. మీ అత్తగారు అది చూస్తే అన్నం తినలేరు.

అత్తగారి మాట దగ్గరికే వద్దాం. ఆవిడ అన్నదాన్ని నేను చాదస్తమని కొట్టిపారేయను. చవితికి మట్టి వినాయకుడి పాదాల దగ్గర ఎలుకకి కూడా ఇంత ఉండ్రాయి పెట్టిన చేతులు అవి. మీరు ఆవిడకి ఇలా చెప్పండి: కన్నం మూయడంలో ఏ ప్రాణమూ పోదు, తలుపు వేసుకున్నట్టే. ఇంట్లో పడినవాటి సంగతి మాత్రం దాచకుండా మాట్లాడుకోవాలి. బోనులో పడ్డదాన్ని పక్క వీధిలో వదిలితే మళ్లీ వస్తుంది, లేదా పక్కింటివాళ్ల నెత్తిన పడుతుంది. దూరంగా వదిలితే కొత్తచోట చాలావరకు బతకదు. నీళ్ల బకెట్లో ముంచడం దాన్ని హింసించడమే. నా వరకు నేను గట్టి స్ప్రింగు బోనునే ఎంచుకుంటాను, క్షణంలో అయిపోతుంది. ఇది ఇల్లు కాపాడుకోవడానికి చేసే పని, తప్పదు. ఆవిడకి మనసొప్పకపోతే ఆ బోన్లు మీవారు రాత్రి పెట్టి, ఆవిడ లేవకముందే తీసేయాలి.

ఆవిడ దగ్గర మనం కోరాల్సింది ఒకటుంది. పూజగదిలో నైవేద్యం, కొబ్బరిచిప్ప, అరటిపండు రాత్రి అలాగే ఉంచే అలవాటు ఉంటే మానిపించండి. దీపం కూడా నిద్రపోయేలోగా కొండెక్కించాలి. నూనెలో నానిన వత్తిని ఎలుక ఎత్తుకుపోతుంది. వెలుగుతున్న వత్తిని నోట కరుచుకుపోయి బట్టల బీరువా కిందో అటక మీదో పడేస్తే ఇల్లు అంటుకుంటుంది.

తిండి సంగతి క్లుప్తంగా చెప్తాను, మీకు తెలిసినదే. బియ్యం బస్తా నేల మీద గోడకు ఆనించి ఉంచవద్దు. మూత బిగిసే రేకు డబ్బాలో పోయండి, ప్లాస్టిక్ డబ్బాని కొరుకుతాయి. కొనేంత వీలు లేకపోతే బస్తాని పీట మీద పెట్టి గోడకు ఒకటిన్నర అడుగు ఎడం ఉంచండి. గిడ్డంగుల్లో గోడకీ బస్తాల వరసకీ మధ్య మనిషి నడిచేంత దారి వదిలేది ఇందుకే. దాక్కునే చోటు లేని ఖాళీ నేలంటే ఎలుకకి భయం, మీకేమో పెంటిక పడితే వెంటనే కనబడుతుంది. ఎంగిలి గిన్నెలు, కోళ్ల దాణా, కుక్కకి పెట్టిన అన్నం రాత్రికి మిగలకూడదు. కారే కుళాయి బాగుచేయించండి. చిట్టెలుకకి కాకపోయినా పెద్ద ఎలుకకి రోజూ నీళ్లు కావాలి. అటక మీద పాత పేపర్లు, చిరుగు బొంతలు ఉంటే అవే వాటి పురిటిగది. దించేయండి.

దించేటప్పుడు ఎండు పెంటికల్ని చీపురుతో ఊడ్చవద్దు. దుమ్ము లేచి ఊపిరిలోకి పోతుంది. చేతికి తొడుగు, మూతికి గుడ్డ కట్టుకుని, ఒక వంతు బ్లీచింగ్ ద్రవానికి పది వంతుల నీళ్లు కలిపి చల్లి, పది నిమిషాలు నాననిచ్చి, పాతగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. కొరికిన పండు, కూరగాయ ముక్క కోసేసి మిగతాది వండుకోవద్దు.

వానాకాలంలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఎలుకల ఉచ్చ కలిసిన మురుగునీరు కాలి పగుళ్లకు తగిలితే ఎలుక జ్వరం వస్తుంది, వైద్యులు లెప్టోస్పిరోసిస్ అంటారు. ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం, పిక్కల్లో ముట్టుకోలేనంత నొప్పి, కళ్లు ఎర్రబడటం దీని గుర్తులు. మొదట్లోనే మందులు పడితే తగ్గుతుంది. ఆలస్యమైతే కామెర్లు, కిడ్నీలదాకా పోతుంది. అత్తగారిని ఆ పాదాలతో పెరట్లో చెప్పులు లేకుండా తిరగనివ్వవద్దు.

మీరు కొన్న శబ్దం మిషను గురించి అడిగారు. మొదటి నాలుగు రోజులు కొత్త శబ్దానికి జంకుతాయి, తర్వాత అలవాటు పడిపోతాయి. గోడ వెనక, బీరువా వెనక ఆ శబ్దం వినబడదు కూడా. కలరా ఉండలూ, పుదీనా నూనే అంతే. పిల్లిని పెంచమని ఎవరో ఒకరు చెప్తారు. పిల్లి చిట్టెలుకల్ని పడుతుంది గాని పందికొక్కుకి ఎదురుపోవడం తక్కువ. పోయిన డబ్బు పోయింది, ఇంకో మిషను కొనకండి.

ఇన్ని చేసినా పెరటి పందికొక్కు లొంగదేమోనని నాకూ అనుమానమే. బొరియలోకి మట్టి తోసి మూసి, మర్నాటికి తెరుచుకున్నవి గుర్తుపెట్టుకోండి, అవే నివాసం ఉన్నవి. మీ మండలం వ్యవసాయ అధికారిని అడగండి. సామూహిక ఎలుకల నివారణ అని ఊరంతా ఒకేసారి చేసే కార్యక్రమాలు ఉంటాయి, పొలంవాళ్లూ మీరూ కలిస్తేనే పని జరుగుతుంది. మీ ఒక్క ఇంట్లో చేస్తే పక్క చేను నుంచి మళ్లీ వస్తాయి. మన డెల్టాలో వెదురు బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే యానాదులు ఉంటారు, ఆ విద్య తెలిసినవాళ్లు మీ ఊళ్లోనే ఉండొచ్చు. బొరియ చూడగానే ఎటు పారిపోతుందో చెప్పగలరు. తగిన కూలి ఇచ్చి పిలవండి.

ఇక విషమే వాడక తప్పదు అనిపిస్తే, బ్రోమాడియోలోన్ అనే మందు కలిపిన ఎర బిళ్లలొక్కటే (ఇవి గ్యాసు బిళ్లలు కావు) నేను ఆలోచిస్తాను, అదీ ఇంటి లోపల కాదు. పిల్లవాడి చేయి, కుక్క నోరు అందని విధంగా తాళం వేసే ఎరపెట్టెలో, తెలిసినవాళ్ల చేత పెట్టించాలి. ఇది రక్తం గడ్డకట్టనివ్వదు. తిన్న ఎలుక నాలుగైదు రోజులకి పోతుంది. దీనికి విటమిన్ కె1 అనే విరుగుడు ఉంది, మిగతావాటికి లేనిది అదే. ఈ మందు తిన్నది నీళ్లు వెతుక్కుంటూ బయటికి పోయి చస్తుందని చెప్తారు, నమ్మకండి. అటక మీదే చస్తుంది, వారం రోజులు ఇంట్లో ఉండలేరు. చచ్చినదాన్ని తిన్న పిల్లికీ గుడ్లగూబకీ అదే విషం తగులుతుంది. రాత్రి పొలాల్లో ఎలుకల్ని పట్టే గుడ్లగూబ మనకి చేసే మేలు ఏ మందూ చేయదు.

ట్యూబు పేస్టు ఇంట్లో ఉందిగా, దాన్ని మాత్రం ఇవాళే తీసేయండి. కవరులో గట్టిగా కట్టి, బాబుకి అందని చోట పెట్టి, కొన్న కొట్టుకే తిరిగి ఇచ్చేయండి.

బోన్లు పెట్టాక, ముగ్గుపిండి రోజూ చల్లుతూ ఉండండి. వరసగా నాలుగు రాత్రులు దాని మీద ఒక్క అడుగు కూడా పడకపోతే, మీరు వదిలిపెట్టిన ఆ ఆఖరి కన్నం కూడా గాజుపెంకుల సిమెంటుతో మూసేయండి. అత్తగారి వేలు ఎలా ఉందో, డాక్టరు ఏమన్నారో నాలుగు ముక్కలు రాయండమ్మా, ఎదురుచూస్తుంటాను.